మన పొలిమేర రాళ్లు

బిట్రగుంట యనగానే పలువురకు రైలు స్టేషనును, ఇంజన్ల షెడ్డును జ్ఞప్తికి వచ్చును. చరిత్ర పరిశోధకులకు మాత్రము ముందుగా ఒక తామ్రశాసనము స్ఫురించును. శక సంవత్సరము 1278, అనగా క్రీ.శ. 1356లో, విజయనగరపు తొలి రాజవంశమునకు చెందిన రెండవ సంగముడు తన గురువైన శ్రీకంఠనాథుని కోరికపై బిట్రగుంటను బ్రాహ్మణులకు దానమిచ్చెను. ఆ శాసనమును రచించినవాడు సాయణాచార్యుల సోదరుడగు భోగనాథుడు.

దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పుట పూర్వాచారము. చెఱువుకట్ట, వాగు, పుట్ట, మఱ్ఱిచెట్టు, పాతిన రాయి, ఇవియే ఆనాటి గుర్తులు. దేవుని మాన్యమైనచో రాతిపై త్రిశూలమునో, శంఖచక్రములనో చెక్కుచుండిరి. చదువురాని వాడును చూచినంతనే హద్దు నెఱుగుచుండెను.

జిల్లా ఎల్లలును స్థిరముగా నుండలేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడగా ఒంగోలు తాలూకా నెల్లూరునుండి విడివడెను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా కందుకూరు అందు చేరెను. నాడు మన కావలి తాలూకా ఉత్తరపు పొలిమేరయే జిల్లా సరిహద్దయ్యెను. 2022లో కందుకూరు మరల నెల్లూరు జిల్లాలో కలిసెను. కాగితముపై గీతలు ఇన్నిమారులు జరిగినను, పొలిమేర రాళ్లు పాతినచోటనే నిలిచినవి.

1923 నాటి మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టము ఆ రాళ్లను కాపాడు బాధ్యతను భూమి గలవారిపై నుంచినది. అయినను కొన్ని రాళ్లు చాకిరేవు బండలైనవి, కొన్ని గుమ్మము మెట్లైనవి. మూడు ఊళ్లు కలియుచోట రాయి పోయినచో మూడు ఊళ్లకును తగవే. 2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల పునఃసర్వే ఆరంభమై క్రొత్త రాళ్లు నాటబడినవి. ఇక పాతవాని వంక చూచువారు అరుదు.

1905లో బటర్‌వర్తు దొరగారును, వేణుగోపాలచెట్టిగారును నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. అవి అక్షరములున్న రాళ్లు. అక్షరములు లేని పొలిమేర రాళ్లను వ్రాసియుంచవలసినవారము మనమే.

పని కష్టమైనది కాదు. రాతిని కదల్పరాదు, గీకరాదు, రంగు పూయరాదు. అది ఏ యే ఊళ్ల నడుమ నున్నదో, ఎత్తెంతో, ఏ గుర్తు కలదో, పెద్దలు దానిని ఏమని పిలుచుచుండిరో వ్రాసికొని, ఛాయాచిత్రము తీసిన చాలును. ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమునందు ఇందులకై ఒక పుస్తకము తెఱచినచో, చందాదారు లొక్కొక్కరు ఒక్కొక్క రాతిని అందు చేర్పగలరు. పొలిమేర నెఱిగిన వృద్ధులు మన మధ్య నుండగనే ఈ పని జరుగవలెను.