కలాసవర్ణము - వీసపు లెక్క

భిన్నములను సమచ్ఛేదము చేసి సంక్షేపించు ప్రక్రియకు ప్రాచీన గణితమున కలాసవర్ణమని పేరు. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమునందు ఇది ఒక ప్రధాన ప్రకరణము. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. మల్లన కాలమును గూర్చిన వాదముల జోలికి మేమిచట పోవుట లేదు; మాకు గావలసినది ఆ పేరు.

కల యనగా పదునాఱవ పాలు. చంద్రకళలు పదునాఱు గదా! ఆ మాటయే క్రమముగా భిన్నమాత్రమునకు వాచకమైనది. మన కరణముల వీసము కూడ పదునాఱవ పాలే. అయినను ఈ రెండు లెక్కల నడక వేఱు.

కరణము పూర్ణాంకములను పదులలో వ్రాసి, భిన్నమునకు వచ్చుసరికి నాలుగులలోనికి దిగును: కాలు 1/4, వీసము 1/16, కాని 1/64. కాలునకు నిలువు గీత, వీసమునకు అడ్డగీత, మరల కానికి నిలువు గీత. ఏ మెట్టునందును మూడు గీతలకు మించదు. నాలుగైనచో పైమెట్టున ఒకటి చేరును. (ఈ గీతలకు 2008లో యూనికోడునందును స్థానము లభించినది.) ఈ పద్ధతిలో హారములన్నియు ముందే సవర్ణములు, సంకలనమునకు సమచ్ఛేదముతో పనియే లేదు. దీనిని మోటు లెక్క యనువారితో మేము ఏకీభవింపజాలము.

మహావీరునికి ఈ సౌకర్యము లేదు. ఆయన యెదుట ఏ హారమైనను నిలువవచ్చును. 5/12, 7/18 అను రెంటిని కూడవలసినచో, హారములను గుణించిన 216 వచ్చును, లవములు 90, 84, మొత్తము 174/216. దానిని మరల 6చే అపవర్తించినగాని 29/36 తేలదు. ఆయన చెప్పిన నిరుద్ధము ఈ శ్రమను మొదటనే తప్పించును. హారముల సామాన్య గుణకము 6, మిగిలిన లబ్ధములు 2, 3. వీని గుణకారము 36. లవములు 15, 14. మొత్తము 29/36. నేటి బడులలో కనిష్ఠ సామాన్య గుణిజమని చెప్పునది ఇదియే.

కరణపు లెక్కకు గల చిక్కు మూడవ పాలు. రూపాయిని ముగ్గురు అన్నదమ్ములకు పంచినచో ఒక్కొక్కనికి ఒక కాలు, ఒక వీసము, ఒక కాని వచ్చును, అనగా 21/64. మూడు పాళ్ళు కలిసి 63/64. ఒక కాని మిగిలిపోవును. ఎంత సూక్ష్మమునకు దిగినను నాలుగుల మెట్లలో ఈ శేషము సమసిపోదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చువఱకు అణాకు పండ్రెండు దమ్మిడీలు చెల్లెను గనుక, ఆ కాని మూడు దమ్మిడీలుగా చీలి, తలకొకటి చొప్పున ముట్టెడిది.