దానముల లెక్క వ్రాసిన పత్రిక

మన దేవాలయములలో పంకా రెక్కలపై రంగుతో వ్రాయించిన దాత పేరు, పంకా ఆగినప్పుడు గాని చదువ వీలుపడదు. మెట్టున కొక పేరు, గంట కొక పేరు. ఇచ్చినది నూటపదహార్లయినను శిలాఫలకము తప్పదు. ఆ సొమ్ము పిమ్మట ఏమయ్యెనో తెలుపు ఫలకమును మాత్రము నేనెచ్చటను చూచి యెరుగను. అట్టి ఫలకమును కాగితముపై చెక్కుటయే వృత్తిగా పెట్టుకొని, 1988 అక్టోబరులో అమెరికా రాజధాని వాషింగ్టనులో జన్మించినది ‘క్రానికల్ ఆఫ్ ఫిలాంత్రొపీ’.

కార్బిన్ గ్వాల్ట్‌నీ 1966లో స్థాపించిన ‘క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్’ విశ్వవిద్యాలయముల వారికి ఇంటి పత్రికయై వర్ధిల్లుచుండగా, ఆ గూటనే ఫిలిప్ సీమస్ సంపాదకత్వమున ఈ చెల్లెలు పక్షపత్రికగా వెలువడజొచ్చెను. మిర్చి వర్తకుడు ధరవరల పుట తిరగవేసినట్లు, విరాళములు పోగుచేయుటయే ఉద్యోగముగా గలవారు దీనిని చదివిరి: ఏ ఫౌండేషను ఎవరికెంత గ్రాంటు మంజూరు చేసినది, ఏ ఆసుపత్రిలో నిధిసేకరణాధికారి కొలువు ఖాళీయున్నది అనునవే వారికి ముందు కావలెను. ఇందులో తప్పేమున్నది? వృత్తిపత్రిక పొట్టకూటి సంగతి మరచినచో చందా కట్టువాడెవడు?

ముహూర్తబలము కూడ కలిసివచ్చినది. పన్ను మినహాయింపు గల సంస్థలు ఏటేట ప్రభుత్వమునకు దాఖలు చేయు ‘ఫారం 990’ అను లెక్కపత్రమును, అడిగినవారికి తమ కార్యాలయముననే చూపవలెనని 1987 నాటి శాసనము విధించెను. అధ్యక్షుల జీతములు అందుండును. 1992లో ‘యునైటెడ్ వే ఆఫ్ అమెరికా’ అను ధర్మసంస్థ అధ్యక్షుడు విలియం ఆరమొనీ, తన జీతభత్యములును విలాసపు ఖర్చులును బయటపడి గద్దె దిగెను. 1995లో న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను. ఆ గుట్టు రట్టుచేసిన కీర్తి ఇతర పత్రికలదే. కాని ఆ పిమ్మట ధర్మసంస్థల లెక్కలు చదువుట యందరికిని ఆవశ్యకమైనది. ఆ చదువు ఈ పత్రికకు మొదటినుండియు నిత్యకృత్యము.

విరాళముల రాబడినిబట్టి నాలుగువందల సంస్థలకు ఈ పత్రిక 1991 నుండి చాలకాలము వరుస కట్టినది. వరుసలో మీది స్థానము గొప్పతనమునకు గుర్తని నేనొప్పుకొనను. అయినను 2016 పట్టిక ఒక వింతను పట్టి యిచ్చినది. చిరకాలము అగ్రస్థానమున నిలిచిన యునైటెడ్ వేను, పెట్టుబడుల వ్యాపారసంస్థ నెలకొల్పిన ‘ఫిడెలిటీ ఛారిటబుల్’ వెనుకకు నెట్టెను. అచ్చట దాత తన సొమ్ము జమచేసిన నాడే పన్ను తగ్గింపునకు అర్హుడగును. ఆ సొమ్ము అనాథాలయమునకు ఎన్నడు చేరవలెనో శాసనము గడువు పెట్టలేదు. దానమని పేరుపడియు దీనుని చేతి కింకను అందని ధనమన్నమాట!

స్థాపన నాటినుండి పనిచేసి, 1996లో సంపాదకత్వము వహించిన స్టేసీ పామర్ కాలమున ఇది మాసపత్రికయైనది. రజతోత్సవపు వయస్సు దాటి ముప్పదియైదేండ్లు నిండిన 2023లో పుట్టింటినుండి వేరుపడి, తానును లాభాపేక్షలేని సంస్థగా మారి, ఏ ఫౌండేషనుల తప్పొప్పులను విచారింపవలెనో వానియెదుటనే చేయి చాపవలసినదైనది. ఇప్పుడీ పత్రికయు ఫారం 990 నింపవలెను. ముఖ్యోద్యోగుల జీతములు వ్రాయు గడి అందును ఉన్నది.