ఊరంతా ఒకే పుస్తకం

ఊరిలోని వారంతా ఒకే పుస్తకం చదివి, ఒకచోట చేరి మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది? 1998లో అమెరికాలోని సియాటిల్ గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ గారు దీన్ని చేసి చూపించారు. రస్సెల్ బ్యాంక్స్ నవల ‘ది స్వీట్ హియర్‌ఆఫ్టర్’ను ఎంచుకున్నారు. బడి బస్సు ప్రమాదంలో బిడ్డల్ని పోగొట్టుకున్న ఊరి కథ అది.

2001లో చికాగో అదే బాట పట్టింది. హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివించారు. చెయ్యని నేరానికి బోనెక్కిన నల్లజాతి మనిషి అందులో ఉన్నాడు.

2002లో న్యూయార్కులో మాత్రం పుస్తకం దగ్గరే పేచీ వచ్చింది. చాంగ్‌రే లీ ‘నేటివ్ స్పీకర్’ అన్నారు కొందరు. ఆసియా వారి మనసు నొచ్చుకుంటుందేమోనని మరికొందరు సందేహించారు. జేమ్స్ మెక్‌బ్రైడ్ ‘ది కలర్ ఆఫ్ వాటర్’ కావాలన్నవారూ ఉన్నారు. నిర్వాహకులు రెండుగా చీలిపోయారు. చివరికి 2017లో మేయరు కార్యాలయం ఐదు పుస్తకాలు ముందుంచి జనాన్నే ఓటు అడిగింది. నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ ‘అమెరికానా’ నెగ్గింది.

పెద్దలు తేల్చలేని తగవును పాఠకులు తేల్చారు. ఎవరి మనసూ నొవ్వని పుస్తకం కోసం వెతుకుతూ కూర్చుంటే చదువు సాగదు. నొచ్చిన మాటను నలుగురిలో చెప్పుకునే చోటు కావాలి. ఆ చోటే గ్రంథాలయం.