పిల్లల ఐసీయూలో రోగి భద్రత: నర్సుల దృక్పథం

నయం చేయబోయి హాని చేయకుండా కాచుకోవడమే రోగి భద్రత. పిల్లల ఐసీయూలోనూ, నవజాత శిశువుల ప్రత్యేక విభాగమైన ఎస్‌ఎన్‌సీయూలోనూ ఆ హానిని ఆఖరి క్షణంలో ఆపగలిగేది నర్సే. మందు రాసేది డాక్టరైనా, బిడ్డ ఒంట్లోకి అది వెళ్లేది ఎక్కువగా ఆమె చేతి మీదుగానే.

పిల్లలకు డోసు కిలో బరువు లెక్కన కడతారు. కేస్ షీటులో ‘0.5’ అని రాయాల్సింది ‘.5’ అని రాస్తే, చుక్క కంటికి ఆనక 5గా చదివే ప్రమాదముంది. అంటే డోసు పదింతలవుతుంది. పెద్దలు తట్టుకునే పొరపాటును రెండు కిలోల బిడ్డ తట్టుకోలేదు. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్ వంటి మందుల డోసును ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కగట్టి సరిచూడాలనేది ఇందుకే.

నర్సుల దృక్పథాన్ని కొలిచే ప్రశ్నావళుల్లో 2006లో ప్రచురితమైన సేఫ్టీ యాటిట్యూడ్స్ క్వశ్చనేర్ ప్రసిద్ధమైనది. జట్టుపని, భద్రతా వాతావరణం, ఉద్యోగ తృప్తి, ఒత్తిడి గుర్తింపు, యాజమాన్యంపై అభిప్రాయం, పని పరిస్థితులు అనే ఆరు కోణాలు ఇందులో ఉన్నాయి. వీటిలో ఒత్తిడి గుర్తింపు ప్రత్యేకంగా గమనించదగ్గది. ఎంత అలసినా తన చేయి తప్పదని నమ్మే సిస్టర్ సరిచూడమని పక్కవారిని పిలవదు. మెమో వస్తుందన్న భయం ఇంకా చేటు. త్రుటిలో తప్పిన పొరపాటును ఆమె బయటపెట్టకపోతే మరో షిఫ్టులో అదే పొరపాటు మరో బిడ్డ మీద పడవచ్చు. అయితే దృక్పథం ఒక్కటే చాలదు. ఎస్‌ఎన్‌సీయూలో ప్రతి షిఫ్టులో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలన్నది మన దేశ ప్రమాణం. ఆ లెక్క తప్పినచోట నర్సుకు జాగ్రత్తలు చెప్పడం అన్యాయమే.

ఉదాహరణకు ఆర్మూర్ ప్రాంతంలో ఈ పొరపాట్ల ముప్పుకు ప్రయాణం కూడా తోడవుతుంది. అక్కడ పుట్టిన బిడ్డ పరిస్థితి విషమిస్తే దాదాపు 27 కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి, ఇంకా అవసరమైతే 1953లో మొదలైన హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రికి తరలించాలి. దారిలో బిడ్డ ఒళ్లు చల్లబడవచ్చు, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అప్పగింతలో ఒక్క మాట జారినా ఇచ్చిన మందే మళ్లీ ఇచ్చే వీలుంది. అందుకే బిడ్డ బరువు, చివరి డోసు ఇచ్చిన సమయం, కాన్యులా పెట్టిన వేళ, ఒంటి వేడి కాగితం మీద రాసి ఇవ్వాలి. బిడ్డను అందుకునే సిస్టర్ వాటిని పైకి చదివి, బిడ్డను మళ్లీ తూచాకే సిరంజి పంపు అమర్చాలి.