వాల్స్ ఎవరి సొత్తు?

జానపద కళ ఎంత పాతదైతే అంత స్వచ్ఛమనీ, బయటి గాలి సోకితే చెడుతుందనీ వాదించే పండితులున్నారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే కెబెక్ రాష్ట్రపు ఫిడేలు సంగీతాన్ని, అందులోనూ వాల్స్ వరుసలను పరిశీలిస్తే యీ వాదం నిలవదు.

వాల్స్ అక్కడ పుట్టింది కాదు. మూడు మాత్రల నడకలో స్త్రీ పురుషులు జంటగా పట్టుకొని తిరిగే యీ ఆట ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో పుట్టి, 19వ శతాబ్దంలో యూరపు సంపన్నుల నాట్యశాలలు దాటి అమెరికా ఖండం చేరింది. అప్పటికే, 1763 పారిస్ సంధితో, కెబెక్ బ్రిటిష్ పాలన కిందికి పోయి వుంది. పెద్ద వ్యాపారం ఇంగ్లీషువారి చేతుల్లోనూ, పల్లె, బడి కాథలిక్ చర్చి చేతుల్లోనూ వుండిపోయాయి. జంటగా పట్టుకొని ఆడే వాల్స్‌ను, పోల్కాను మతాచార్యులు పాపమని ఖండించారు. నిషేధం కంటే అక్కడి చలికాలపు రాత్రులే పొడవైనవి కాబోలు, ఆట మాత్రం ఆగలేదు.

ఫిడేలు అనగానే మనకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కచేరీ గుర్తుకొస్తుంది. కెబెక్‌లో అది వంటింటి వాద్యం. బల్లలు పక్కకు జరిపి, వాయించేవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టేవారు. మృదంగం లేదు. అతని రెండు పాదాలే మృదంగం. రీల్ వంటి వేగపు వరుసల్లో కమాను పొట్టిపొట్టిగా కదులుతుంటే, మడమలూ మునివేళ్లూ నేలమీద ఎడతెగని దరువు వేస్తాయి. వాల్స్ దగ్గరికి వచ్చేసరికి కమాను సాగుతుంది, రెండు తీగలు ఒక్కసారే పలుకుతాయి, స్వరం నుంచి స్వరానికి వేలు జారుతుంది. కొన్ని వరుసల్లో లెక్కకు మించి ఒక మాత్ర వుంటుంది. వాటిని 'వంకర' వరుసలంటారు. శాస్త్రం చదివినవారికి అది తప్పుగా తోచవచ్చు. ఒంటరిగా వాయించుకునేవాడు తీసుకున్న స్వేచ్ఛ అది అని నా అభిప్రాయం.

'వాల్స్-క్లాగ్' అనే రకం మరీ విశేషమైనది. ఇక్కడ జంట లేదు. ఒక్కరే నిలబడి మూడు మాత్రలకు బూట్లతో దరువు వేస్తారు. క్లాగ్ అంటే ఉత్తర ఇంగ్లండు నూలుమిల్లుల కార్మికులు తొడుక్కున్న కర్రచెప్పు. నాట్యశాల నడకకు శ్రామికుని అడుగు తగిలిందన్నమాట.

ఐరిష్, స్కాటిష్ వలసజీవులు తమ వరుసలు తెచ్చారు. 1840-1930 మధ్య సుమారు 9 లక్షలమంది ఫ్రెంచి కెనడియన్లు బతుకుతెరువు కోసం అమెరికాకు వెళ్లారు. వారిలో ఎక్కువమంది చేరింది న్యూ ఇంగ్లండు మిల్లులకే. పాటలూ వారితో పోయాయి, వచ్చాయి. 1928 నుంచి విక్టర్ కంపెనీకి రికార్డులిచ్చిన జోసెఫ్ అలార్డ్ కూడా కొంతకాలం అక్కడ బతికినవాడే.

1970లలో కెబెక్ జాతీయోద్యమం యీ ఫిడేలును జెండాగా ఎత్తుకుంది. ఎత్తుకోవడంలో తప్పు లేదు; తమదంతా అచ్చమైన ఫ్రెంచి వారసత్వమని చెప్పుకోవడంలోనే చిక్కుంది. ఆ కాలానికి అందరూ ఆదర్శంగా చూపిన జాన్ కారిన్యాన్ (1916-1988) అలార్డ్ శిష్యుడు. సంగీత లిపి చదవడం రాదు. ఐర్లండు వాడైన మైకేల్ కోల్‌మన్, స్కాట్లండు వాడైన స్కాట్ స్కిన్నర్ రికార్డులు మళ్లీమళ్లీ విని నేర్చుకున్నాడు. 1974లో ఆయనకు 'ఆర్డర్ ఆఫ్ కెనడా' ఇచ్చారు. అంతకుముందు ఏళ్లతరబడి ఆయన మాంట్రియల్ వీధుల్లో టాక్సీ నడిపి పొట్టపోసుకున్నాడు.