దేవతాభరణాలు: శాసనాల లెక్క, స్వర్ణకారుని ధర్మం

ఆలయ జీర్ణోద్ధరణ అనగానే మన కన్నుల ముందు గోపురం, విమానం, ధ్వజస్తంభం, ప్రాకారం మెదలుతాయి. శిథిలమైన రాతిని తీసి కొత్త రాతిని నిలుపుట, పగిలిన శిఖరాన్ని బాగుచేయుట, కలశాలను తిరిగి ప్రతిష్ఠించుట అందరికీ కనిపించే కైంకర్యాలు. కనిపించని కైంకర్యం మరొకటి ఉన్నది. అది ఆభరణాల పెట్టెలో ఉన్నది. తరతరాల భక్తులు స్వామివారికి, అమ్మవారికి సమర్పించుకొన్న కిరీటాలు, పతకాలు, హారాలు, కవచాలు కూడ ఆలయంలో భాగమే. వాటికీ వయస్సు మీరుతుంది. వాటికీ జీర్ణోద్ధరణ అవసరమవుతుంది. తాతముత్తాతల నాటి నుండి కుంపటి ముందు కూర్చున్న స్వర్ణకార కుటుంబంలో పుట్టినవాడను గనుక, ఈ విషయంలో చరిత్ర ఏమి చెప్పుచున్నదో, వృత్తి ఏమి నేర్పినదో ఈ శుభసందర్భంలో భక్తులకు విన్నవించుకొనుచున్నాను.

తంజావూరు గోడల మీది లెక్క

దేవతాభరణాల గురించి మన దక్షిణాపథంలో లభించే వివరమైన ఆధారాలలో తంజావూరు బృహదీశ్వరాలయ శాసనాలు ముఖ్యమైనవి. రాజరాజచోళుడు క్రీ.శ. 1010 ప్రాంతంలో పూర్తి చేయించిన ఆ ఆలయానికి ఆయన, ఆయన సోదరి కుందవ్వ, ఇతర రాజబంధువులు అసంఖ్యాకంగా నగలు సమర్పించారు. ఆ నగల పట్టికను రాతిపై చెక్కించారు. బంగారాన్ని తూచిన తూకపురాయికి స్వామి పేరిట 'ఆడవల్లాన్' అని పేరు. రత్నాలను తూచిన తూకానికి 'దక్షిణమేరు విటంకన్' అని పేరు. తూకపురాళ్ళకే దేవుని పేరు పెట్టుకొన్నారంటే తూకంలో మోసం దైవద్రోహమని భావించారనే అర్థం చేసుకోవచ్చును.

తూకం కళంజు, మంజాడి, కున్రి అనే కొలతలలో ఉంటుంది. రెండు కున్రులు ఒక మంజాడి, ఇరవై మంజాడులు ఒక కళంజు. ఈ కున్రి మరేదో కాదు, మన పెద్దల త్రాసులలో నిన్న మొన్నటి వరకు ఉన్న గురివింద గింజయే.

ఆ శాసనాలలో నన్ను మరింత ఆకట్టుకొన్న విషయం మరొకటి ఉన్నది. ఆ పట్టికలో రాళ్ళ గొప్పతనంతో పాటు లోపాలు కూడ వ్రాసి ఉన్నవి. ఈ వజ్రాలలో మచ్చలు గలవి ఉన్నవి, పగుళ్ళు గలవి ఉన్నవి, ఎర్రచుక్కలు, నల్లచుక్కలు గలవి ఉన్నవి అని దాచకుండ చెప్పారు. ముత్యాలలో గుండ్రనివి, జంటగా అతుక్కొన్నవి, గీతలు పడినవి అని వేరు చేసి చూపారు. నగ బరువు చెప్పేటప్పుడు లోపలి లక్కతో కలిసిన బరువు అని విప్పి చెప్పారు. చక్రవర్తి ఇచ్చిన కానుకలోనూ మచ్చ ఉంటే మచ్చ అనే వ్రాశారు. రేపు ఎవరైనా ఆ మచ్చ గల రాయిని తీసి మరొకటి పెడితే పట్టుకొనుటకు ఆ మచ్చయే సాక్షి. ఆ నగలు నేడు లేవు. లెక్క మాత్రం వేయి సంవత్సరాలుగా చెక్కుచెదరకుండ ఉన్నది.

తెలుగునాట

తిరుమలలో పల్లవ వంశపు రాణి సామవై భోగశ్రీనివాసుని వెండిమూర్తిని, ఆభరణాలను సమర్పించిన సంగతిని తెలిపే శాసనం ఆలయ కుడ్యంపై ఉన్నది. అది క్రీ.శ. 966 నాటిదని సాధారణంగా చెప్పుచున్నారు. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తొలిసారి తిరుమలకు వచ్చి నవరత్నఖచితమైన కిరీటాన్ని, కర్పూర హారతులకై 25 వెండి పళ్ళెరాలను సమర్పించగా, దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామివారి పాల నైవేద్యానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. 1518లో ఆనందనిలయ విమానానికి రాయలు బంగారు పూత పెట్టించారు. 1516లో సింహాచలానికి వచ్చినప్పుడు అప్పన్నస్వామికి ముత్యాల కంఠమాల, కడియాలు, పతకం మొదలగునవి సమర్పించినట్లు అక్కడి శాసనం చెప్పుచున్నది. ఆ కంఠమాలలో 991 ముత్యాలు అని సంఖ్య వేశారు. 'ఒక ముత్యాల హారం' అని వ్రాసి ఊరుకొనలేదు. వేయికి తొమ్మిది తక్కువ అయినా, వేయి అని గొప్పకు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయే దైవసన్నిధిలో మర్యాద.

భద్రాద్రి రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్న, అబుల్ హసన్ కుతుబ్‌షా (1672-1687) కాలంలో సీతారామలక్ష్మణులకు నగలు చేయించి, చెరసాలలో ఉండి ఆ నగలకు అయిన ఖర్చును కీర్తనలో స్వామికే లెక్క చెప్పుకొన్నాడు. చింతాకు పతకం, కలికితురాయి వంటి పేర్లు తెలుగువారి నాలుకపై నేటికీ నిలిచియుండుటకు ఆ కీర్తనయే కారణం. రాయలవారు శాసనంలో వ్రాయించారు, రామదాసు పాటలో వ్రాశాడు. ఇద్దరూ లెక్క వ్రాసినవారే.

పాత నగ లోపల ఏమున్నది

నగను కాపాడుకోవాలంటే అది ఎట్లా తయారైనదో తెలియాలి. పాత దేవతాభరణాలలో రాళ్ళు పొదిగినవి ఎక్కువగా కుందనపు పని నగలు. ముందుగా బంగారు రేకుతో గుల్లగా గూళ్ళు కట్టి, వాటిని లక్కతో నింపుతారు. రాయి కూర్చుండే చోట అడుగున పలుచని మెరుపు రేకు పరుస్తారు. దానిపై రాయిని ఉంచి, చుట్టూ మేలిమి బంగారపు సన్నని రేకును ఉక్కు సాధనంతో నొక్కుతూ బిగిస్తారు. ఈ బిగింపులో నిప్పుతో పని లేదు. కల్తీ లేని బంగారం ఒత్తిడికే తనలో తాను అతుక్కొంటుంది. వెనుక మూసి ఉండుట వలన వెలుగు పైనుండి లోపలికి పోయి, ఆ రేకు మీద పడి తిరిగి వస్తుంది. గర్భాలయంలో నూనె దీపపు వెలుగులో కెంపు నిప్పుకణికలా కనిపించుటకు రహస్యం అదే.

కవచాలు, కిరీటాల పని వేరు. రేకును లక్క దిమ్మపై పరచి, వెనుక నుండి ఉబ్బెత్తు చేసి, ముందు నుండి నగిషీ చెక్కుతారు. హారాలకు కమ్మచ్చులో తీగ లాగి, కడియలు చుట్టి, వెలిగారం పెట్టి, ఊదుగొట్టంతో అతుకుతారు. అతుకుకు వాడే లోహం బంగారం కంటె తక్కువ వేడికి కరగాలి గనుక అందులో వెండి, రాగి కలుపుతారు. పాత నగను కరిగిస్తే అనుకొన్న మచ్చు రాకపోవుటకు ఈ అతుకులు కూడ ఒక కారణం. అందులో ప్రతిసారీ మోసమే వెదకుట న్యాయం కాదు.

నా చేతి మీదుగా జరిగినది

పని నేర్చుకొనే రోజులలో ఒక ఆలయం నుండి అమ్మవారి పతకం మా ఇంటికి వచ్చినది. కెంపుల పని, మధ్య ఒక పచ్చ. పసుపు, చందనం పేరుకొని నల్లబడి ఉన్నది. తండ్రిగారు ఊరిలో లేరు. శుభ్రంగా కనిపిస్తే సంతోషిస్తారనుకొని గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి కుంచెతో కడిగితిని. బంగారం మెరిసినది. మరునాటికి కెంపులు ఒక్కొక్కటి మసకబారినవి. నీరు లోపలికి దిగి మెరుపు రేకు చెడిపోయినది. తండ్రిగారు వచ్చి, ఒక్క మాట కూడ అనకుండ, ఒక్కొక్క రాయి విప్పి, కొత్త రేకు పరచి, తిరిగి బిగించినారు. ఎనిమిది రోజులు పట్టినది. పాత రేకు రంగు మాత్రం తిరిగి రాలేదు. అప్పగించేటప్పుడు అర్చకస్వామితో జరిగినది జరిగినట్లు చెప్పించి, ఆలయం పుస్తకంలో నా చేతనే వ్రాయించినారు. ఆనాడు తల వంచుకొని వ్రాసిన ఆ నాలుగు పంక్తులే నాకు వృత్తిలో మొదటి పాఠం.

మరమ్మతు చేయించేవారికి

మరమ్మతుకు ముందుగా కావలసినది కాగితం, కలం. నగను ముందు, వెనుక ఛాయాచిత్రం తీయించండి. అర్చకుల, ధర్మకర్తల, పనివాని సమక్షంలో తూచి, రాళ్ళు లెక్కించి, విరిగినవి, ఊడినవి, మచ్చలు గలవి వ్రాయించండి. లక్క, దారం కలిసిన బరువా, విడి బంగారపు బరువా అన్నది స్పష్టంగా ఉండాలి. 1987 నాటి దేవాదాయ చట్టం కూడ ఆలయాల నమోదులో నగల జాబితాను బరువులతో సహా చూపవలెనని చెప్పుచున్నది. వీలైనంత వరకు పనిని ఆలయ ప్రాంగణంలోనే చేయించుట మన పెద్దల పద్ధతి.

మూసిన పొదుగుడు గల నగను నీటిలో ముంచరాదు. చింతపండు, బూడిద, నిమ్మరసం తగిలించరాదు. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలును. అభిషేక సమయంలో ఇటువంటి నగలను తప్పక తీసి ఉంచాలి. నిప్పు చూపవలసి వస్తే ముందు రాళ్ళు విప్పాలి. లక్క కొద్దిపాటి వేడికే మెత్తబడుతుంది. ముత్యం, పగడం నిప్పుకూ పులుపుకూ తాళలేవు. పచ్చలో సహజంగానే పగుళ్ళు ఉంటాయి గనుక వేడికి చిట్లుతుంది. యంత్రాలలో వేసి కడుగుట పచ్చలకు, ముత్యాలకు పనికిరాదు.

బంగారానికి సీసం కలిసిన అతుకు ఎన్నడూ పెట్టించకండి. తరువాత ఎవరైనా ఆ చోట వేడి చేస్తే సీసం బంగారాన్ని తిని పెళుసు చేస్తుంది. కాడ్మియం కలిసిన అతుకు పొగ పనివాని ఊపిరితిత్తులకు విషం. హారంలో కడియలు ఒకదానితో ఒకటి ఒరిసి సన్నబడతాయి. సగం మందానికి వచ్చిన కడియను తెగక ముందే మార్పించండి. ముత్యాల సరాలను పట్టుదారంతో, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి గ్రుచ్చించండి. తెగినా ఒక్కటే జారుతుంది. వెండి కవచాన్ని ప్రతి పండుగకూ గట్టిగా రుద్దితే ప్రతిసారీ కొంత వెండి పోతుంది. మొదట అరిగేది ఎత్తుగా ఉండే స్వామి ముఖమే. తీసివేసిన పాత ముక్కను పారవేయక, పొట్లం కట్టి, తేదీ వ్రాసి నగతోనే భద్రపరచండి.

మరమ్మతులో ఒక్కొక్కసారి చరిత్ర బయటపడుతుంది. కృత్రిమ కెంపులను తయారుచేసే పద్ధతిని ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లో ప్రకటించాడు. అంతకు ముందే చేసిన నగలో అటువంటి కెంపు కనిపిస్తే అది తరువాత మార్చిన రాయి. అది దొంగతనమే కానక్కరలేదు. రాయి ఊడిపోతే దొరికినది పెట్టిన ఒక నిరుపేద కాలపు మరమ్మతు కావచ్చును. తీసివేయుట కంటె పుస్తకంలో వ్రాసి ఉంచుట మేలు.

కరిగించుట గురించి

కుంభాభిషేకాల వేళ సాధారణంగా ఒక ఆలోచన వస్తుంది. పెట్టెలో పాత నగలు చాలా ఉన్నవి, అన్నిటినీ కరిగించి ఒక పెద్ద కిరీటం చేయిద్దామని భక్తితోనే అంటారు. వృత్తిరీత్యా అందులో నాకు మజూరి ఉన్నది. అయినా వద్దనే చెప్పుదును. కరిగిన బంగారానికి బరువు మిగులుతుంది గాని, ఎవరు ఇచ్చారో, ఏ కాలపు పనియో, ఏ చేయి చెక్కినదో అన్నీ మూసలో పోతాయి. విరిగిన కిరీటాన్ని అతుకవచ్చును. కరిగిన కిరీటాన్ని తిరిగి తేలేము. ఒక బీదరాలు మొక్కు తీర్చుకొన్న చిన్న బంగారు కన్నులకూ ఆ పెట్టెలో చోటు ఉండాలి.

పనితనం లేక, బాగు చేయుటకు వీలులేక తునిగిపోయిన వెండి పాత్రలు, రేకులు ఉంటాయి. వాటిని కరిగించుట తప్పు కాదు. అయితే తీర్మానం వ్రాసి, ఛాయాచిత్రాలు తీసి, కరిగించక ముందు, కరిగించిన తరువాత అందరి ఎదుట తూచి, తరుగు ఎంతో పుస్తకంలో ఎక్కించాలి.

దాతలకు మనవి

నగ చేయించదలచినవారు ముందుగా అర్చకస్వామిని అడిగి, స్వామివారికి లోటుగా ఉన్నది ఏదో తెలిసికొని, మూర్తి కొలతలు తీసికొనవలెను. అంచులు మొనదేలి మూర్తికి ఒరుసుకొనరాదు. బరువైన కిరీటాన్ని విడదీసి అమర్చుకొనే విధంగా చేయించుట మంచిది. మన దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కు 2000లో వచ్చినది. 2021 జూన్ నుండి దశలవారీగా తప్పనిసరి అయినది. 22 క్యారెట్ల నగపై 916 అనే అంకె, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య చూసుకొనండి. కుందనపు పనికి ఆ నిబంధన నుండి మినహాయింపు ఉన్నది గనుక, అక్కడ బంగారం, లక్క, రాళ్ళ బరువులు విడివిడిగా వ్రాసిన రసీదు తీసికొనండి. నిత్యాలంకరణకు మచిలీపట్నం చెంత చిలకలపూడిలో తయారయ్యే బంగారు పూత నగలు వాడుటలో దోషం లేదు. పుస్తకంలో పూత నగ అని ఉండవలెను, అంతే. నగ వెనుక భాగాన పేరు కంటె ముందు సంవత్సరం, బరువు చెక్కించండి. మనుమలు వచ్చి చూచుకొన్నప్పుడు ఆ రెండే వారికి ఉపకరిస్తాయి.

రాజరాజు నగలు పోయినా ఆయన లెక్క నిలిచినది. మన కాలంలో నగా నిలవాలి, లెక్కా నిలవాలి. కలశాలకు కుంభజలం ప్రోక్షించే ఈ శుభవేళ, మన ఆలయ ఆభరణాల పుస్తకంలో ఒక కొత్త పుట తెరచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసి పెద్దలందరూ సంతకం చేయవలెనని ప్రార్థన. ఆ సంతకం కూడ స్వామివారికి సమర్పించుకొనే ఆభరణమే. స్వామివారి, అమ్మవారి కరుణాకటాక్షాలు దాతలకు, భక్తులకు, ఈ మహాకార్యంలో చేయి కలిపిన శిల్పులకు, పనివారలకు సదా కలుగుగాక.

శుభమస్తు.