బీడు పెనం వెనుక ఉన్న కొలిమి చరిత్ర



ఈ సంచికలో గుస్సాడీ గురించి, జాతరల గురించి, మన పోరాటాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. రోజుకు మూడుసార్లు వంటశాలలోకి వెళ్లి చూడటం నా పని. అందుకే అక్కడి వస్తువుతోనే చరిత్ర చెప్తాను. ఆ వస్తువు బీడు పెనం. బీడు అంటే ఇక్కడ సాగు లేని భూమి కాదు, పోత ఇనుము. దుకాణాల్లో ఇప్పుడు కాస్ట్ ఐరన్ అని ఎక్కువ ధరకు అమ్ముతున్నది దీన్నే.

మొదట ఒక తేడా తెలుసుకోవాలి. ఇనుమంతా ఒకటి కాదు. కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి గొడ్డలి, కొడవలి, నాగటి కర్రు చేసేది చేత ఇనుము. అందులో కార్బన్ దాదాపు ఉండదు. కొడితే వంగుతుంది, సాగుతుంది. పూర్తిగా కరిగించి అచ్చులో పోసేది పోత ఇనుము. అందులో కార్బన్ సుమారు 2 నుంచి 4 శాతం. సమ్మెట దెబ్బ పడితే వంగదు, పగులుతుంది. ఈ రెండింటి మధ్య ఉండేది ఉక్కు. తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఇది బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఈ తేడా వెనుకే మన అడవుల చరిత్ర ఉంది.

మధ్య భారతంలో ఇనుపరాయి నుంచి ఇనుము తీసినవాళ్లలో ఆదివాసులు ముఖ్యులు. మండ్లా, బిలాస్‌పూర్ వైపు అగారియాలనే వాళ్లున్నారు. వాళ్లు గోండుల నుంచి వేరుపడిన శాఖ అని పాత గ్రంథకర్తలు రాశారు. వెరియర్ ఎల్విన్ వాళ్ల మధ్య తిరిగి 1942లో 'ది అగారియా' అనే పుస్తకం అచ్చువేశాడు. మట్టితో కట్టిన చిన్న బట్టీ, సాల కర్ర బొగ్గు, కాళ్లతో తొక్కే తిత్తులు, అంతే వాళ్ల సామగ్రి. బొగ్గు కాల్చడం దగ్గర నుంచి తిత్తులు తొక్కడం దాకా ఇంటిల్లిపాదికీ పని ఉండేది. లోహాసుర్, కోయిలాసుర్, అగ్యాసుర్ వాళ్ల దేవుళ్లు. ఇనుముకు ఒకరు, బొగ్గుకు ఒకరు, నిప్పుకు ఒకరు. ఆ పనికి ఏమేం కావాలో దేవుళ్ల పేర్లలోనే ఉంది.

స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టి బట్టీలో అంత రాదు. అందుకని అందులో ఇనుము కరగదు. రాయిలోని మలినాలు కరిగి చిట్టెంగా కారిపోతాయి, ఇనుము మెత్తటి ముద్దగా అడుగున మిగులుతుంది. ఆ ముద్దను పట్టుకారుతో బయటికి లాగి, కొట్టి కొట్టి మిగిలిన చిట్టెం రాలగొడితే చేత ఇనుము. బట్టీ ఎత్తు పెంచి గాలి జోరుగా కొడితే ఇనుము బొగ్గులోని కార్బన్‌ను పీల్చుకుంటుంది. అప్పుడు 1150 నుంచి 1200 డిగ్రీల దగ్గరే కరిగి పారుతుంది. అదే పోత ఇనుము. చైనా వాళ్లు క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దం నాటికే దీన్ని పోశారు. ఐరోపాకు ఇది మధ్యయుగాల చివర్లో గానీ రాలేదు. మన బట్టీల్లో ఎప్పుడైనా పొరపాటున ఇలాంటి ఇనుము వస్తే పెళుసుగా ఉండి సమ్మెటకు లొంగదు. గొడ్డలి చేసుకునేవాడికి అది ఎందుకు?

'మనవాళ్లకు పోత తెలియదు' అని దీన్నిబట్టి అనుకోవద్దు. మన ఆదిలాబాద్ వైపు ఓజాలు మైనం అచ్చుతో ఇత్తడి పోస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇత్తడి 900 డిగ్రీలు దాటగానే కరుగుతుంది కాబట్టి కట్టె బొగ్గు కొలిమికి లొంగింది.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి కూడా చెప్పాలి. అక్కడ మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు చేసేవారు. డాక్టర్ హెన్రీ వాయ్సీ అక్కడికి వెళ్లి చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఊళ్లో మకాం వేసేవారు. ప్రపంచం 'వూట్జ్' అని పిలిచింది ఈ రకం ఉక్కునే. కొందరు ఉత్సాహంతో ఇది కూడా ఆదివాసుల పనే అని పోస్టులు పెడుతున్నారు. ఆధారం లేకుండా అలా రాయకండి. మనది అని చూపించడానికి మనకున్నది చాలు.

మరి ఆ బట్టీలు ఏమయ్యాయి? 1709లో ఇంగ్లండులో అబ్రహాం డార్బీ కట్టె బొగ్గు బదులు రాక్షసి బొగ్గు నుంచి తీసిన కోక్‌తో ఇనుము కరిగించాడు. అంతకు ముందే ఇసుక అచ్చుల్లో వంటపాత్రలు పోసే పద్ధతికి హక్కు తీసుకున్నాడు. అడవి అక్కర్లేకుండా ఇనుము రావడం మొదలైంది, ధర పడిపోయింది. ఓడల్లో, తర్వాత రైళ్లలో ఆ చవక ఇనుము మన దేశంలోకి వచ్చింది. మన దేశంలో ఇంగ్లీషు పద్ధతిలో పెద్ద బట్టీ పెట్టాలని 1830లలో జోషయా హీత్ తమిళ తీరంలోని పోర్టోనోవోలో ప్రయత్నించాడు. అది కట్టె బొగ్గు మీదే నడిచి చివరికి మూతపడింది. 1870లలో బెంగాల్ కుల్టీ దగ్గర కోక్‌తో నడిచే కార్ఖానా నిలబడింది.

చవక ఇనుము ఒక దెబ్బ. రెండోది అడవి చట్టం. 1865లో ఒకటి, 1878లో ఇంకొకటి వచ్చి అడవులను రిజర్వు చేశాయి. కర్ర కొట్టొద్దు, బొగ్గు కాల్చొద్దు అన్నారు. పైగా బట్టీ మీద పన్ను వేశారు. ఆ పన్ను భారం గురించి ఎల్విన్ వివరంగానే రాశాడు. చదువుతుంటే నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. నడుం ఎత్తు మట్టి బట్టీ మీద ఒక సామ్రాజ్యం పన్ను వేయడమా! ఇటు నిజాం రాజ్యంలోనూ అడవిని రిజర్వు చేయడమే గొడవైంది. 1940లో జోడేఘాట్ దాకా వెళ్లిన కథ మీకు తెలుసు. పోడు, పశువుల మేత గురించి మనం మాట్లాడుకుంటాం. అదే గొడ్డలివేటుకు కొలిమి కూడా పోయిందని మాట్లాడుకోం.

ఇనుపరాయి మాత్రం అక్కడే ఉంది. బైలాడిలా కొండల్లో 1968 నుంచి తవ్వుతున్నారు. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. ఆ రాయిని విశాఖ చేర్చడానికి కొత్తవలస-కిరందుల్ రైలుమార్గం వేశారు. అరకు చూడటానికి వెళ్లే పిల్లలు అద్దాల పెట్టెలో నుంచి సొరంగాలు లెక్కపెడతారు. ఆ దారి వేసింది మన షికారుకు కాదు, జపాన్‌కు ఖనిజం పంపడానికి. 2019 జూన్‌లో నందరాజ్ కొండను తవ్వొద్దని వేలమంది ఆదివాసులు కిరందుల్‌లో రోజుల తరబడి కూర్చున్నారు.

ఇక పెనం సంగతి. కార్ఖానా ఇనుము మన ఇంట్లోకి పోత రూపంలో సంత దారిన వచ్చింది. వచ్చింది కాబట్టి దాన్ని చూసుకోవడం నేర్చుకోవాలి. హాస్టళ్లలో ఏటా స్టాక్ రిజిస్టరు చూసి పనికిరాని సామాను జాబితా రాస్తాం. ఒక ఏడు ఆ జాబితాలో పెద్ద బీడు పెనం ఒకటి ఎక్కింది. తుప్పుపట్టి ఎర్రగా ఉంది. వంట అక్క ఒప్పుకోలేదు. 'ఇది పాడవలేదు మేడం, దీన్ని పట్టించుకోలేదంతే' అంది. పెనం అంచును గరిటె కాడతో కొట్టి చూపించింది. ఖంగుమంది. పగులు ఉంటే ఆ మోత రాదు, డబడబమంటుంది. పాత సామాను కొనేటప్పుడు మీరూ ఇలాగే కొట్టి చూడండి.

తుప్పు తీయడానికి ఇటుక పొడి, కొబ్బరి పీచు చాలు. మొండి తుప్పయితే చింతపండు నీళ్లు పట్టించి అరగంటలోపే కడిగేయాలి. రాత్రంతా నానబెడితే పులుపు ఇనుమునే తినేస్తుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి తడి ఆరనివ్వాలి. వేడిగా ఉండగానే నూనె రాసి, రాసినదంతా మళ్లీ పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవమంటే పిల్లలు నవ్వుతారు గానీ కిటుకు అక్కడే ఉంది. పలచని నూనె పొగ వచ్చేదాకా కాలితే గట్టి నల్లని పొరగా మారుతుంది, మందంగా ఉంటే జిగురవుతుంది. చల్లారాక మళ్లీ రాయాలి. ఇలా నాలుగైదు సార్లు. అవిసె, పొద్దుతిరుగుడు నూనెలు బాగా పొర కడతాయి. మన ఇప్పనూనె దీనికి అంత పనికిరాదు. అది పేరుకుంటుంది గానీ గట్టి పొర కట్టదు. ఆ పొర నిలిచేదాకా పులుసు వండొద్దు. కాలే పెనం మీద చన్నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయొద్దు, ఒక్క చుక్కుమనే శబ్దంతో పని అయిపోతుంది.

పగిలితే? పెనాన్ని అతికించి వంటకు వాడొద్దు. అతుకులో ఏ లోహం ఉందో మనకు తెలియదు. కానీ ఇంజను బాడీ, పంపు, పిండిమర చక్రం లాంటివి బాగుచేయొచ్చు. ఐటీఐలో వెల్డింగ్ చదివే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మామూలు రాడ్డుతో బీడును అతికిస్తే అతుకు నిలిచినట్టే ఉండి పక్కనే కొత్తగా పగులుతుంది. ఆ చోట ఇనుము గాజులా పెళుసవుతుంది. ముందు పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే పగులు ఇంకా పాకుతుంది. ముక్కనంతా వేడిచేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం అతుకుతూ, ప్రతి అతుకునూ వేడిగా ఉండగానే సుత్తితో సన్నగా కొట్టాలి. తర్వాత బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి మర్నాటిదాకా వదిలేయాలి. తొందర ఉన్నవాడు బీడు జోలికి రాకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట, ఆడపిల్లలకు మరీ ముఖ్యం. ఇనుప పాత్రలో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. ఇథియోపియాలో పిల్లల మీద చేసిన పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అల్యూమినియం గిన్నెల్లో వండినవి తిన్న పిల్లలకన్నా ఇనుప గిన్నెల్లో వండినవి తిన్న పిల్లల్లో హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. కానీ మన గూడేల్లో రక్తం తక్కువగా ఉన్న ప్రతి పిల్లకూ కారణం ఇనుము లోటే కాదు. సికిల్ సెల్ వేరే జబ్బు, అది పుట్టుకతో వస్తుంది. దానికి ఇనుప పెనం మందు కాదు. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో ఇనుము ఎక్కువై హాని చేయొచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి, మాత్రలు డాక్టరు చెప్తేనే వేసుకోండి.

చివరగా మీకొక పని. ఊరి పొలిమేరలో, వాగు ఒడ్డున, పాత గూడెం చోట నల్లని బరువైన రాళ్లు కనిపిస్తాయేమో చూడండి. కరిగి కారి గడ్డకట్టినట్టు, అక్కడక్కడ బుడగల గుంతలతో ఉంటే అవి ఇనుప చిట్టెం కావచ్చు. పక్కన కాలిన మట్టిపెళ్లలు ఉంటే అక్కడ బట్టీ ఉండేదన్న అనుమానం బలపడుతుంది. వాటిని ఇంటికి తేవద్దు, తవ్వొద్దు. పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీయండి, ఊరిపేరు, ఆ చోటును పెద్దవాళ్లు పిలిచే పేరు, తేదీ రాసి మన సంఘానికి పంపండి. పేరు అడిగేటప్పుడు అమ్మమ్మలను, నానమ్మలను కూడా అడగండి.

జోహార్.